నాలుగు దారాల జడ

మా అమ్మాయి చదివే బడిలో లైబ్రరీ చూసుకునే ఆవిడని పిల్లలు దారాల మేడం అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆవిడకి తెలుసు. తెలియనట్టే ఉంటుంది. యాభై దాటిన మనిషి, పీలగా ఉంటుంది. కళ్లజోడు మెడలో వేలాడుతుంటే దాని కోసం సొరుగులన్నీ తిరగేస్తుంది. చేతిసంచిలో ఇంకేం ఉన్నా లేకపోయినా ఒక తెల్ల దారం రీలు, చిన్న కత్తెర మాత్రం ఉండి తీరతాయి.

ఆ దారాల సంగతి నాకు ఆవిడే చెప్పింది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్ని పుస్తకం ఎలా ఉందని అడిగితే నిజం చెప్పరట. "చాలా బాగుంది మేడం" అనేసి పారిపోతారు. చదివినవాడిదీ అదే మాట, అట్ట తిప్పనివాడిదీ అదే మాట. అందుకని ఆవిడ కొనే ముందు చూడ్డానికి వచ్చిన ప్రతి కొత్త పుస్తకంలో నాలుగు చోట్ల జానెడు దారం ముక్క పెడుతుంది. మొదట్లో ఒకటి, కథ ముడిపడే చోట ఒకటి, నడుమ ఒకటి, ఇంకో పది పేజీల్లో అయిపోతుందనగా ఒకటి. పేజీ తిప్పితే దారం జారిపోతుంది, పిల్లలు పట్టించుకోరు. పుస్తకం తిరిగి రాగానే ఒళ్లో పెట్టుకుని ఎన్నో దారం దగ్గర ఆగారో చూస్తుంది. అదే ఆ పుస్తకానికి మార్కు. నలుగురు పిల్లలు రెండో దారం దాటలేదంటే, ఎంత గొప్పవాడు రాసినా సరే, ఆ పుస్తకం కొనదు.

"నోరు అబద్ధమాడుతుంది మేస్త్రీ. దారం ఆడదు" అనేది.

ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచింది. అది తర్వాత చెబుతాను.

మొన్న సెలవుల్లో లైబ్రరీ గదికి రంగులు వేసే పని నాకొచ్చింది. పది రోజుల పని. అవే పది రోజుల కోసం పుస్తకాల కొట్టాయన ఎనభై పుస్తకాలు దింపి వెళ్లాడు. మేడం అందులో నలభై ఏరుకుంటే మిగతావి పదో రోజున పట్టుకుపోతాడు. మామూలుగా అయితే దగ్గర్లో ఉండే పిల్లలు వచ్చి వాటిని చదివిపెడతారు. ఈసారి నా నిచ్చెనలు, డబ్బాలు అడ్డమని హెడ్ మాస్టారు పిల్లల్ని రానివ్వలేదు. అయినా మేడం పుస్తకాల్లో దారాలు పెట్టుకుంటూ కూర్చుంది.

"చదివేవాళ్లే లేరు కదా మేడం, ఎవరి కోసం?" అన్నాను నిచ్చెన మీద నుంచి.

"అలవాటు. మీరు మాత్రం పక్కవాళ్ల గోడ కనబడితే వేలితో రుద్ది చూడరా?"

నిజమే. రుద్దుతాను.

ఆవిడ ముందు రెండు అట్టపెట్టెలు. కొనేవి ఒకదాంట్లో, తిరిగి పంపేవి ఇంకోదాంట్లో. గోడలు నునుపు చేసే పుట్టీ పూస్తూ ఊరికే చూస్తున్నా ఒక సంగతి నాకు అర్థమైంది. ఏడుపొచ్చేది ఏదైనా తిరుగు పెట్టెలోకే పోతోంది. "ఇందులో తండ్రి పోతాడు, వద్దు. ఇందులో కుక్కపిల్ల పోతుంది, వద్దు" అని తనలో తనే గొణుక్కునేది. అన్నిటికంటే ముందు నీలం అట్ట పుస్తకం ఒకటి తీసింది. తెరవలేదు. అందులో దారం కూడా పెట్టలేదు. వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని తిరుగు పెట్టె అడుగున పడేసింది.

హెడ్ మాస్టారు రోజుకోసారి తొంగిచూసేవారు. మంచి మనిషే, కాకపోతే అన్నిటికీ భయం. "హుషారైనవి కొనండమ్మా. పిల్లలు ఏడిస్తే వాళ్ల అమ్మానాన్నలు నా పీక మీద కూర్చుంటారు" అని, ఆయనే ఒక నీతుల పుస్తకం తెచ్చి కొనే పెట్టెలో పైన పెట్టి వెళ్లారు.

మూడో రోజు సాయంత్రం గోడల పుట్టీ అంతా గరుకు కాగితంతో రుద్దాను. గది పిండిమర అయిపోయింది. పొడి దిగాక పొద్దున్నే ఊడ్చుకుందామని తాళం వేయించి వెళ్లిపోయాను. ఆ తాళానికి చెవి ఒక్కటే. అది కాపలా తాత మొలకి ఉంటుంది.

నాలుగో రోజు పొద్దున తలుపు తీసేసరికి నేల మీద పొడి మంచులా పరుచుకుని ఉంది. దాని మీద బయటికి వెళ్లిన నా అడుగులు తప్ప ఇంకేం లేవు. కిటికీ పక్క బల్ల మీద పుస్తకం ఒకటి ఉంది. బల్లంతా తెల్లగా ఉంది, పుస్తకం మీద మాత్రం రవ్వంత పొడి లేదు. బల్ల ముందున్న కుర్చీ మీదా పొడే. నడుమ మాత్రం చిన్నపిల్ల కూర్చుని లేచినంత మేర శుభ్రంగా ఉంది.

"తాతా, రాత్రి ఎవరికైనా తలుపు తీశావా?"

"ఎవరొస్తారు అల్లుడూ నీ రంగు కంపులో కూర్చోడానికి? దయ్యానికైనా ముక్కుంటుంది కదా!" అని నవ్వాడు. లోపలికి వచ్చి కుర్చీ చూశాక నవ్వు ఆపేశాడు. ఆ రోజు నుంచి గడప దాటి లోపలికి రాలేదు, చెవి బయటి నుంచే అందించేవాడు.

మేడం వచ్చి పుస్తకం తెరిచింది. దారాలు పెట్టిన చోట్ల లేవు. నాలుగూ చివరి పేజీలో ఉన్నాయి, సన్నగా జడ అల్లి. ఆవిడ అలాగే వెనక్కి జరిగి నా రంగు డబ్బా మీద కూలబడింది. మూత గట్టిగా ఉంది కాబట్టి సరిపోయింది.

అప్పుడు చెప్పింది నాకు పిచ్చుక సంగతి.

పిచ్చుక అంటే నాకూ తెలుసు. మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల. ఈడుకి తగ్గ ఎత్తు లేక అందరూ పిచ్చుక అనేవాళ్లు. బడి మొత్తంలో దారాల గుట్టు కనిపెట్టింది ఆ పిల్ల ఒక్కతే. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు దారాలూ జడ అల్లి చివర పెట్టి ఇచ్చేది. మేడం ఇంకోలా అనుకుంది. ఇది చదవడం లేదు, దారాలు పీకి నన్ను వెక్కిరిస్తోంది అనుకుంది. ఒకరోజు ఆ పిల్ల నీలం అట్ట పుస్తకం కావాలని అడిగింది. ఆస్పత్రిలో ఉన్న పదమూడేళ్ల పిల్ల కథ అది.

"అందరి ముందూ అన్నాను మేస్త్రీ. నువ్వు చదివేదానివి కాదు, దారాలు లాగేదానివి. ఇది పెద్దయ్యాక చదువుదువు గాని పో, అన్నాను."

పిచ్చుక పెద్దవలేదు. ఆ పిల్ల ఒంట్లో జబ్బు ఉందని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. నెల తిరక్కుండా పోయింది. తర్వాత వాళ్లమ్మ వచ్చి బడి పుస్తకాలతో పాటు ఒక నోటుపుస్తకం ఇచ్చి వెళ్లింది. అందులో తను తీసుకున్న ప్రతి పుస్తకం గురించీ రాసుకుంది, నాలుగో దారం తర్వాత ఏం జరిగిందో కూడా. ఆఖరి పేజీలో ఇంకా చదవాల్సింది అని రాసి ఒక్క పేరే ఉందట. నీలం అట్ట పుస్తకం పేరు.

"మరి ఆ పుస్తకం?" అన్నాను.

"ఆ వారమే కొట్టాయనకి తిరిగి పంపేశాను. ఈ ఏడు మళ్లీ వచ్చింది. అడుగున ఉంది."

మధ్యాహ్నం మా అమ్మాయి క్యారేజీ తెచ్చింది. పిచ్చుక పోయినప్పటి నుంచి అది పుస్తకం ముట్టలేదు. మాట్లాడటం కూడా బాగా తగ్గించేసింది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టిందేమోనని నాకు లోపల ఒక అనుమానం. దారాల జడ చూపించి కోపం లేకుండానే అడిగాను.

"ఇదేమైనా నువ్వు అల్లావా తల్లీ?"

అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నాలుగు పాయల జడ నాన్నా. నాకు మూడు పాయలదే వచ్చు. నాలుగోది రేపు నేర్పుతానంది" అంది. ఎవరన్నారో చెప్పలేదు. నేనూ అడగలేదు. క్యారేజీ విప్పకుండానే మళ్లీ నిచ్చెన ఎక్కాను.

ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున తలుపు తీస్తే బల్ల మీద ఒక పుస్తకం, అదీ తిరుగు పెట్టెలోంచి వచ్చినదే. తండ్రి పోయే కథ. కుక్కపిల్ల కథ. నాలుగు దారాలూ జడ అల్లి ఉండేవి. మేడం ఆ పుస్తకాన్ని కొనే పెట్టెలోకి మార్చేది. రెండు రోజులు భయపడింది. తర్వాత భయమే అలవాటైనట్టుంది, రాగానే చెప్పులు విప్పుతూ "ఇవాళ ఏం చదివింది?" అని అడిగేది. సొంత మనవరాలి గురించి అడిగినట్టే ఉండేది.

ఒక్క రోజు మాత్రం జడ లేదు. బల్ల మీద హెడ్ మాస్టారి నీతుల పుస్తకం బోర్లా పడేసి ఉంది. మొదటి దారం ఒక్కటే బయటికొచ్చింది, మిగతా మూడూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మేడం నవ్వింది. అన్ని రోజుల్లో నవ్వింది ఆ ఒక్కసారే. "నాకూ అక్కడే నిద్రొచ్చింది" అని దాన్ని తిరుగు పెట్టెలో వేసింది.

తొమ్మిదో రోజు సాయంత్రం నేను బ్రష్షులు కడుగుతున్నాను. ఆవిడ పెట్టె అడుగు నుంచి నీలం అట్ట పుస్తకం తీసింది. నాలుగు దారాలు జానెడు జానెడు కొలిచి కత్తిరించింది. పుస్తకంలో పెట్టి, కిటికీ పక్క బల్ల మీద ఉంచి, కుర్చీని కొంచెం వెనక్కి లాగింది. ఎవరైనా వస్తే కూర్చోడానికి వీలుగా లాగినట్టు.

"రేపు పొద్దున్నే కొట్టాయన వచ్చేస్తాడు మేడం" అన్నాను.

"తెలుసు. మీరు పదండి, నేను చూడకూడదు."

పదో రోజు ముగ్గురం ఒకేసారి లోపలికి వెళ్లాం. మేడం, నేను, పాత రంగు బకెట్లు తీయించడానికి వచ్చిన హెడ్ మాస్టారు. పుస్తకం ముందు బల్ల మీద మూడు దారాలు పక్కపక్కనే చక్కగా పరిచి ఉన్నాయి. జడ అల్లలేదు. మేడం చివరి పేజీల దగ్గర వేలు పెట్టి తెరిచింది. నాలుగో దారం పెట్టిన చోటే ఉంది.

"అయిపోలేదు" అంది ఆవిడ. "ఇంకా పది పేజీలు ఉన్నాయి. దీన్ని ఇవాళ పంపేస్తే..."

హెడ్ మాస్టారికి ఆ దారాల సంగతేం తెలియదు. అట్ట చూసి, "అమ్మా, ఈ పుస్తకమే కదా పోయినేడు వద్దనుకున్నాం? ఆ పిల్ల పోయి ఏడాది కూడా తిరగలేదు. మళ్లీ ఎందుకు ఈ గోల?" అన్నారు.

"వద్దని నేనూ అన్నాను సార్, దాని మొహం మీదే. ఒక్కసారి అన్నది చాలు." కళ్లజోడు కోసం సంచిలో వెతికింది. మెడలోనే ఉందని నేను చెప్పాను. పెట్టుకుని జాబితా తీసి నలభయ్యో వరుసలో ఆ పుస్తకం పేరు రాసింది. "ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. ఉద్యోగం పోతే పోనీండి."

ఆయన బల్ల మీద దారాల వైపు చూసి, బకెట్లు తీయించే పనిలో పడ్డారు.

కొట్టాయన మిగతావి పట్టుకుపోయాడు. మేడం ఆ మూడు దారాలూ కాగితంలో మడిచి నాకిచ్చింది. ఇంట్లో పెట్టుకోలేనంది. నా చొక్కా జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చింది. మేడం పుస్తకం దాని చేతిలో పెట్టింది.

"నా దగ్గర చదివిపెట్టేవాళ్లు లేరమ్మా. నువ్వు చదువుతావా? చివర్లో ఒక దారం ఉంటుంది, చూసుకో."

"చివర్లో ఆ అమ్మాయి చచ్చిపోతుందా మేడం?"

మేడం కళ్లజోడు తీసేసింది. "నేనూ చివరి పది పేజీలు చదవలేదమ్మా. ధైర్యం చాల్లేదు. చదివి నువ్వే చెప్పు" అంది.

ఇంటికొచ్చి అది గుమ్మంలో మెట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా చదివింది. వాళ్లమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి విసుక్కుని వదిలేసింది. ఏడ్చింది కూడా. దాదాపు ఏడాది తర్వాత దాని ఏడుపు చప్పుడు వినడం అదే మొదలు. నేను లోపలే కూర్చున్నాను, పిలవలేదు.

మర్నాడు పొద్దున పుస్తకం మా ఇంట్లో బల్ల మీద ఉంది. తెరిచి చూశాను, నాలుగో దారం లేదు. నేను టీ తాగుతుంటే మా అమ్మాయి మొహం కడుక్కుని అటుగా వెళ్లింది. దాని వీపు మీద జడ కనబడింది. బిగుతుగా, పలక లాగా, మనం రోజూ చూసే జడ కాదు.

"ఏమేవ్, ఇవాళ పిల్లకి కొత్త రకం జడ వేశావే" అన్నాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "నేనెక్కడ వేశాను? లేచినప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. నాకు నాలుగు పాయలు రావు కూడాను."

జడ కొసని రిబ్బను లేదు. తెల్ల దారాలతో ముడి వేసి ఉంది. నేను లేచి మేకుకి తగిలించిన చొక్కా దగ్గరికి వెళ్లి జేబులో చెయ్యి పెట్టాను. కాగితం మడత అలాగే ఉంది. లోపల ఏం లేదు.

"ఎవరు వేశారే తల్లీ?"

అది పుస్తకం తీసి సంచిలో పెట్టుకుంది. "మేడంకి ఇచ్చేసి రావాలి నాన్నా. చివర ఏమవుతుందో చెబుతానన్నాను" అంది. వీధిలోకి దిగి నాలుగడుగులు వేసి ఆగింది. పక్కన ఎవరో వెనకబడినట్టు ఒక్క క్షణం నిలబడి, మళ్లీ నడిచింది.