నల్ల తెర మీద అన్న మాట

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. అయినా ఆ పొద్దున జరిగింది మాత్రం జరిగింది.

మొఘల్‌పురాలో మాకు పెళ్లికార్డులు ముద్రించే దుకాణం ఉంది. అన్న డిజైన్లు గీసేవాడు. నేను మిగతా పని చూసుకునేవాణ్ణి. మా కంప్యూటర్లో లినక్స్ అనే సిస్టమ్ వేసి, టెర్మినల్ అనే నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం నాకు నేర్పింది కూడా అన్నే.

టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ కంప్యూటర్ ముందుగా ఒక స్టార్టప్ ఫైలు చదువుతుంది. అందులో ఏది రాసి ఉంటే అది చేస్తుంది. అన్న ఒకరోజు దాంట్లో ఒక లైను చేర్చాడు. అప్పటి నుంచి నల్ల తెర తెరవగానే ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట కనిపించేది: ‘తమ్మీ, చాయ్ తాగినవా?’

“ఇదేందన్నా?” అంటే నవ్వాడు.

“చాయ్ తాగకుంట కూసుంటే నీకు మతి ఉండదురా.”

పోయినేడు అన్న గుండెపోటుతో పోయాడు. ఆ లైను తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

రెండు నెలల క్రితం డిస్కు నిండిపోయింది. పాత నమూనాల ఫోల్డర్‌ను ఖాళీ చేసే చిన్న స్క్రిప్టు, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు, ఒకటి నా దగ్గరుంది. దాన్ని నడుపుదామని పదిగంటల వేళ టెర్మినల్ తెరిచాను. చాయ్ మాట వచ్చింది. దాని కింద ఇంకో లైను:

‘తమ్మీ, నడిపే ముందల ఒకసారి చదువు.’

చెయ్యి ఆగిపోయింది. స్క్రిప్టు తెరిచి చదివాను. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లు, అక్కడున్నదంతా తుడిచెయ్ అని ఉంది. కానీ అంతకు వారం ముందే నేను ఆ ఫోల్డర్ పేరు మార్చాను. స్క్రిప్టు దాన్ని వెతుక్కుని, దొరకక, టెర్మినల్ తెరుచుకున్న ఫోల్డర్‌లోనే అంతా తుడిచేసేది. అందులోనే అన్న పన్నెండేళ్లు గీసిన డిజైన్లున్నాయి. వాటికి వేరే కాపీ లేదు.

స్క్రిప్టును నడపకుండా మూసేశాను. తర్వాత స్టార్టప్ ఫైలు చూశాను. చాయ్ లైను ఉంది, రెండోది లేదు. ఆ ఫైలు చివరిసారి మారిన తేదీ అన్న బతికున్నప్పటిది. డిస్కంతా వెతికించాను, ఆ మాటలు ఎక్కడా దొరకలేదు. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే చాయ్ మాట ఒక్కటే వచ్చింది.

దుకాణం తాళంచెవులు రెండే: ఒకటి నా దగ్గర, ఇంకోటి వదిన దగ్గర. ఆమెకు కంప్యూటర్ తెలియదు. అయినా మధ్యాహ్నం ఉప్పుగూడలోని ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. వదిన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. భయపడుతుందనుకున్నాను. చేతిలోది పక్కన పెట్టి మెల్లగా అడిగింది.

“నా ముచ్చట ఏమన్న అడిగిండా?”

“అడిగిండు వదినా,” అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

అన్న ఆమె గురించి ఏమీ అడగలేదు. ఆ ఒక్క లైను కూడా తెర మీదికి ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.