ఒచెరె గారి కుర్చీ, గ్లాసెడు నీళ్ళు

ఒచెరె గారు నిర్ఘాంతపోతారు. ఆయన గురించి ముందుగా చెప్పాల్సింది ఇదే. మనలాంటివాళ్ళం ఏడాదికి ఒకసారో రెండుసార్లో, అదీ గట్టి కారణం ఉంటే నిర్ఘాంతపోతాం. ఆయనకి పొద్దున్నే ఆఫీసు మెట్లెక్కేలోపే ఒకటి అయిపోతుంది. అమ్ముకొచ్చే మొక్కజొన్న పిండి కెంకీ ముద్ద చిన్నదైందంటే నెత్తిన చేతులు పెట్టుకుంటారు. చిన్నది కాలేదంటే, ఇంకా కాలేదా అని మళ్ళీ పెట్టుకుంటారు. కరెంటు పోతే కొయ్యబారిపోతారు, వస్తే నోరు వెళ్ళబెడతారు. ఒకసారి ట్రోట్రో బండి వేళకి వచ్చిందని అవాక్కయి, దాన్ని ఎక్కడం మర్చిపోయి ఆఫీసుకి ఆలస్యంగా వచ్చారు.

దానికో క్రమం ఉంది. ముందు చేతులు నెత్తిమీదికి వెళ్తాయి. తర్వాత మోకాళ్ళు వదిలేస్తాయి. దగ్గర్లో ఏది ఉంటే దానిమీద కూలబడి, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో "నీళ్ళు" అంటారు. ఒకనాడు ఆ దగ్గర్లో ఉన్నది యజమానురాలు అడోలే మేడమ్ పుట్టినరోజు కేకు. ఆ మర్నాడే ఆఫీసులో ఆయన కోసం ఒక పేము కుర్చీ వెలిసింది. దానిమీద ఇంకెవరూ కూర్చోరు. తెలియక కూర్చున్న అతిథుల్ని, పెద్దాయనకి ఏ క్షణాన అవసరం వస్తుందో తెలీదండీ అని బతిమాలి లేపేవాళ్ళు.

అక్రాలో ఆ ఆఫీసు చేసే పని జనం మాటలు కనిపెట్టి ఉండడం. సబ్బుల కంపెనీ గురించో, బ్యాంకు గురించో పేపర్లలో, రేడియోల్లో, ఫోన్లలో ఎవరేమంటున్నారో ఆ కంపెనీలకి చేరవెయ్యాలి. చెడ్డ మాట పుడితే పాకకముందే చల్లార్చాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ కాపలా ఒచెరె గారిదే. ముందర పేపర్ల గుట్ట, చెవి దగ్గర రేడియో. చిక్కల్లా ఏమిటంటే మంత్రి రాజీనామాకీ, మబ్బు పట్టినదానికీ ఆయన ఒకేలా కూలబడేవారు. ఏది పెద్ద కబురో బయటివాళ్ళకి అంతుపట్టేది కాదు.

"ఈ ఆఫీసుకి కూలబడని యంత్రం ఒకటి కావాలి," అన్నారు మేడమ్. మంచి సాఫ్ట్‌వేర్ చూసి ఎంచే పని జిఫాకి అప్పగించారు. జిఫా కొత్తగా చేరిన పిల్ల, ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఈ పని చక్కబెడితే వచ్చే నెలాఖరుకి పక్కా చేస్తామనీ, చెడగొడితే వేరే చోటు చూసుకోవాల్సి వస్తుందనీ మేడమ్ దాపరికం లేకుండా చెప్పేశారు. కొత్తగా తీసుకున్న గదికి అద్దె కట్టుకుంటున్న జిఫా ఆ రాత్రంతా నెల ఖర్చులు లెక్కేసుకుంటూ గడిపింది.

అమ్మేవాళ్ళు వరసగా వచ్చారు. మొదటివాడు జోహన్నెస్‌బర్గ్ నుంచి తెరమీద కనిపించి, తన సరుకు లోకంలోని పేపర్లన్నీ చదువుతుందన్నాడు. ఒచెరె గారు జపానువి కూడానా అని అడిగారు. అవునన్నాడు. ఆయన కూలబడ్డారు. ఇప్పటిదాకా ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఉన్నట్టుండి తెరలోంచి మాయమయ్యేసరికి ఆ అబ్బాయికి ముచ్చెమటలు పట్టాయి. రెండోవాడు కుమాసీ కుర్రాడు. పెట్టె తెరిచి మీట నొక్కేసరికి కరెంటు పోయింది. చీకటి గదిలో ఎవరో "నీళ్ళు" అన్న మాట వినడం తప్ప ఆ రోజు పనేమీ జరగలేదు.

మూడోది అందరి కళ్ళనీ కట్టిపడేసింది. చెడ్డ మాట కనపడనంతసేపూ తెర పచ్చగా ఉంటుంది, కనపడితే ఎర్రబడుతుంది. అక్కడి జనం మాట్లాడే చ్వీ, గా భాషల రేడియో మాటలు కూడా వింటుందట.

"రేడియోకి ఫోన్లు చేసి మాట్లాడేవాళ్ళవి కూడానా?" అని అడిగారు ఒచెరె గారు, సగం కూర్చుంటూ.

"అందరివీ వింటుంది సార్. ఏ మాట కోసం చెవి పెట్టాలో మీరు చెప్పడమే ఆలస్యం."

ఆయన మిగతా సగం కూడా కూర్చున్నారు.

జిఫా దాన్నే ఎంచింది. ఏ కంపెనీ కోసం ఏ మాటలు వినాలో కూడా తనే నింపింది. ఆఫీసుకి అన్నం పెట్టే పెద్ద కంపెనీ టమాటా ముద్ద డబ్బాలది. దాని పేరు, మెరిడియన్ హార్వెస్ట్ ఫుడ్స్ అని, అక్షరం పొల్లుపోకుండా రాసింది. నెలంతా తెర వరిచేనులా పచ్చగా ఉంది. వారం వారం ఆ పచ్చదనాన్నే అందంగా ముద్రించి టమాటా కంపెనీకి పంపింది. ఒచెరె గారు మాత్రం పాత అలవాటు మానలేక రేడియో చెవి దగ్గరే పెట్టుకున్నారు, పచ్చటి తెరని చూసినప్పుడల్లా ఒకసారి కూలబడుతూ.

ఒక పొద్దున టమాటా కంపెనీ మేనేజరు క్వార్షీ గారు ఫోన్ చేశారు. ఆయన కేకలు వెయ్యలేదు, అదే జిఫాని భయపెట్టింది. తమ డబ్బాలు ఉబ్బిపోతున్నాయని కనేషీ బజారంతా కోడై కూస్తోందట. ఒడోర్కోర్ బాబా అని, పొద్దున్నే రేడియోలకి ఫోన్లు చెయ్యడమే వృత్తిగా పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు, వారం నుంచి ఇదే పాట పాడుతున్నాడట. సంగతి తన అత్తగారు చెబితేగానీ తనకి తెలియలేదట. మధ్యాహ్నం వస్తున్నాననీ, ఆ పచ్చటి కాగితాలు పంపిన మనిషిని చూడాలని ఉందనీ చెప్పి ఫోన్ పెట్టేశారు.

జిఫా తెర తెరిచింది. పచ్చగా ఉంది. మళ్ళీ మళ్ళీ వెతికింది. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. చివరికి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, రేడియోలో టమాటా డబ్బాల గురించి ఏమైనా విన్నావా?"

"మామే డుకు గురించేగా? వారం నుంచీ అదే గోల. నేనూ కొనడం మానేశాను."

ఆ డబ్బామీద ఎర్రటి తలగుడ్డ చుట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంటుంది. తలగుడ్డ అమ్మ, మామే డుకు. ఊరు ఊరంతా డబ్బాని అలాగే పిలుస్తుంది. ఊహ తెలిసినప్పటినుంచీ జిఫా కూడా కొట్టుకెళ్ళి ఒక మామే డుకు ఇవ్వండి అనే అడిగింది, మొన్న ఆదివారం కూడా. కంపెనీ పేరు ఎవరి నోటా రాదు. ఆఫీసు బల్ల ముందు కూర్చోగానే మామే డుకుని ఇంట్లో వదిలేసి, ఎవరూ పలకని పేరుకోసం యంత్రం చేత నెలంతా చెవి పెట్టించింది.

చెప్పక తప్పదు. మేడమ్‌కి చెప్పేముందు ఒచెరె గారికి చెబుదామని వెళ్ళింది. కెంకీ ముద్దకే కూలబడే మనిషి దీనికి ఏమైపోతారో అని మరో భయం. పేము కుర్చీ ఎందుకో ఆ రోజు గుమ్మం పక్కనే ఉంది. ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

అలాంటి నిర్ఘాంతం ఆ ఆఫీసు చరిత్రలో లేదు. చేతులు నెత్తిమీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. నిలువుగుడ్లు పడ్డాయి. కుర్చీలో కూలబడి, అందులోంచి కూడా జారిపోవడం మొదలుపెట్టారు. "అయిపోయింది, మనం మునిగిపోయాం తల్లీ, ఇక దారి లేదు," అని గొణుగుతున్నారు. ఏడుద్దామని వచ్చిన జిఫాకి ఏడవడానికి తీరిక దొరకలేదు. చంకల కింద చేతులేసి పైకి లాగింది, బల్లమీద నిండుగా ఉన్న గ్లాసు అందుకుని నీళ్ళు పట్టించింది, పేపరుతో విసిరింది.

"అంకుల్, ఏం కాలేదు, నా మాట వినండి. ఇప్పుడే మామే డుకు అని నింపుతాను. వారం నుంచి ఎవరేమన్నారో బయటికొస్తుంది. ఏ కొట్లో డబ్బాలు ఉబ్బాయో కంపెనీ వాళ్ళు వెళ్ళి చూస్తారు. అదే కార్యక్రమంలో ఆ బాబా ఎదుటే మాట్లాడదాం."

"ఇదంతా అయ్యే పనేనంటావా?" అన్నారాయన నీరసంగా.

"ఎందుకు కాదంకుల్? మీరు ముందు ఊపిరి తీసుకోండి."

ఆయన ఊపిరి తీసుకున్నారు. తర్వాత లేచి చొక్కా సర్దుకున్నారు. "మరి ఇప్పుడు నాకు చెప్పిందే లోపలికెళ్ళి మేడమ్‌కి చెప్పు."

జిఫా తన తప్పుతో సహా అంతా చెప్పింది. మధ్యాహ్నం క్వార్షీ గారి ముందు కూడా మళ్ళీ చెప్పింది. ఆయన ముఖం కందగడ్డయింది. ఇంతలో ఒచెరె గారు, మీ ఇంట్లో ఆ డబ్బాని ఏమని పిలుస్తారు సార్ అని మెల్లగా అడిగారు. "మామే డుకు," అన్నారు క్వార్షీ గారు, పైకప్పు చూస్తూ. కంపెనీ కూడా ఆ పేరు తమకెప్పుడూ చెప్పలేదని తేలేసరికి ఒచెరె గారు కుర్చీ వెతుక్కున్నారు. ఈసారి పేపరుతో విసిరింది క్వార్షీ గారే. ఒచెరె గారు లేచేటప్పటికి క్వార్షీ గారి కోపం సగం చల్లారింది.

బాబా మాట్లాడే కార్యక్రమంలో తమకి కాస్త వేళ అడుగుదామని జిఫా రేడియో వాళ్ళకి ఫోన్ చేసింది.

"రేపు పొద్దున్నకేగా? ఎప్పుడో ఉంచేశాం," అన్నాడు అవతలి మనిషి. "ఇవాళ తెల్లారకముందే ఒచెరె గారు ఫోన్ చేశారు. నిన్న రేడియోలో బాబా మాటలు విన్నాక పాపం ఆయనకి నిద్రపట్టలేదట. జిఫా అనే అమ్మాయి ఫోన్ చేస్తుంది, అంతా ఆవిడే చూసుకుంటుంది అన్నారు. మీరేనా?"

అవునని చెప్పి జిఫా ఫోన్ పెట్టేసింది. తెల్లారకముందే. అంటే తను చెప్పేటప్పటికి ఆయనకి అంతా తెలుసు. గుమ్మం దగ్గరికొచ్చిన కుర్చీ గుర్తొచ్చింది. బల్లమీద నిండుగా, ముందే సిద్ధంగా ఉన్న నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. తెలియకుండానే ఆమె చేయి నెత్తిమీదికి వెళ్ళింది.

అటుగా వచ్చిన మేడమ్ ఆమె వాలకం చూసి నవ్వారు. "కనిపెట్టావా? ఈ పనిలో చేరిన కొత్తలో నేనూ ఆయన కిందే ఉండేదాన్ని. ఒక మంత్రిగారి ఉపన్యాసం టాక్సీలో పారేసుకొచ్చాను. అది విని కూలబడిన ఆయనకి విసిరీ విసిరీ నా చేతులు పడిపోయాయి. ఏడుపు సంగతే మర్చిపోయాను."

మర్నాడు కంపెనీ మనిషి రేడియోలో మాట్లాడాడు. ఎండలో రేకు కింద పేర్చిన ఒక కొట్టువాడి సరుకే ఉబ్బిందనీ, వాటిని మార్చేశామనీ చెప్పాడు. ఒడోర్కోర్ బాబా, తన వల్లే ఇది జరిగిందని ఊరందరికీ ఫోన్లు చేశాడు. తెర ఎర్రబడి, మెల్లగా మళ్ళీ పచ్చబడింది. ఈసారి ఆ పచ్చదనం నిజమే.

నెలాఖరున జిఫా ఒక గ్లాసు చేత్తో పట్టుకుని ఒచెరె గారి గదికి వెళ్ళింది. పేము కుర్చీని తనే ఆయన వెనక్కి లాగింది.

"ఇంకా నేనేం వినలేదే," అన్నారాయన అనుమానంగా.

"ఉద్యోగం పక్కా అయిందంకుల్."

చేతులు నెత్తిమీదికి వెళ్ళాయి. మోకాళ్ళు వదిలేశాయి. ఆయన కుర్చీలో కూలబడి నోరు తెరిచారు. ఆ మాట బయటికొచ్చేలోపే జిఫా నీళ్ళ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.