తేనెకు జాతర విలువ

నిజాయితీగా తేనె అమ్ముకుని బతికే ఆడవాళ్లను ఒక్క పుస్తకంతో దొంగల ముఠాగా మార్చబోయిన ఘనత ఎవరిదని అడిగితే, కొంచెం సిగ్గుతో, చాలా కోపంతో చెయ్యెత్తుతాను. ఆ కోపం ఎవరి మీదంటారా? మా మేనేజరు మీద, నా ఫోను మీద, అందరికంటే ఎక్కువగా ఎంకాం పట్టా పుచ్చుకుని నేల మీద కాలు ఆనకుండా తిరిగిన ఆనాటి రజిత మీద. ఆ రజితను నేనే కాబట్టి చెంపదెబ్బ కొట్టే వీలు కూడా లేకపోయింది.

మాది కల్లూరు. ఖమ్మంలో ఒక శిక్షణ సంస్థలో కొత్తగా చేరాను. భద్రాచలం దాటాక అడవి అంచున ఒక ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి తేనె వడకట్టి సీసాల్లో నింపే చిన్న కంపెనీ పెట్టుకున్నారు. ఏడాది లెక్కలు ఇక మీదట సర్కారుకు కంప్యూటరు చదువుకునే పద్ధతిలో పంపాలట. అంటే ప్రతి అంకెకూ అది అప్పా, ఆస్తా, అమ్మకమా అని చెప్పే గుర్తు తగిలించాలి. ఆ పాఠాలు వాళ్లకు మొదటి మెట్టు నుంచి నేర్పే భారం నా మీద పడింది.

"నెట్‌ల ఇంగ్లీషు పాఠాలు బోలెడున్నయ్ అమ్మాయ్. డిజిటల్ వ్యాపారం, లెక్కల ప్రమాణాలు, అన్నీ ఉన్నయ్. తెలుగులకు మార్చి సోమవారం కల్లా పుస్తకం తే" అన్నాడు మేనేజరు.

"ఇయ్యాల శుక్రవారం సార్!"

"మరి ఇంకా ఈడ్నే నిలబడ్డవేంది?"

చూశారా, ఎక్కడైనా మనుషులు ఇలా మాట్లాడతారా? పైగా ఆదివారం మా పిన్ని కూతురి పెళ్లి. అందుకని పాఠాలన్నీ ఫోనుకు అప్పజెప్పాను. ఆవుకు గడ్డి వేసినట్టు ఇంగ్లీషు వేశాను. అది తెలుగులో ఏం వేసిందో చూడకుండా అచ్చుకు పంపి పెళ్లి భోజనానికి వెళ్లిపోయాను.

కంపెనీ షెడ్డులో మొదటి పాఠం. అధ్యక్షురాలు ముత్తమ్మ ముందు వరుసలో కూర్చుంది. నోటికంటే ముందు కనుబొమ్మ మాట్లాడే మనిషి. పుస్తకం తెరిచి ఒక పేరా చదివింది. కనుబొమ్మ లేచింది.

"మేడం, సరుకుకు జాతర విలువ కట్టాలె అని రాసిన్రు. గదేంది?"

నేనూ ఆ మాట అప్పుడే మొదటిసారి చూస్తున్నాను. తెలియదు అంటే నా ఎంకాం ఏమైపోవాలి?

"జాతరలో ఎంతకు అమ్ముడుపోతుందో అంత రాయాలక్కా."

"జాతరల మా సీస రెండింతలు పోతది. మిగిలిన రోజులల్ల అంత రాదు. గట్లనే రాయాల్నా?"

"ప్రమాణం అట్లనే చెప్తుంది."

ఎంత ధీమా! ఇప్పుడు తలుచుకున్నా పళ్లు నూరుకుంటాను.

ఆ వారంలోనే మధిర నుంచి ఆడిటరు శేషగిరి గారు లెక్కలు చూడ్డానికి వచ్చారు. నన్నూ రమ్మన్నారు. షెడ్డులో అడుగుపెట్టేసరికి తేనె డబ్బాలకు, తూకం కాటాకు, బల్లకు, కిటికీకి దారాలతో చీటీలు వేలాడుతున్నాయి. ఫ్యానుకు కట్టిన చీటీ గిరగిరా తిరుగుతోంది.

"ఏంటమ్మా ఈ తోరణాలు?" అన్నారాయన.

"అన్నింటికీ చీటీ కట్టమని పుస్తకంల ఉన్నది సార్" అంది ముత్తమ్మ.

లెక్కలో అంకెలకు తగిలించమన్న గుర్తును ఇంగ్లీషులో ట్యాగ్ అంటారు, దాన్ని ఫోను చీటీ చేసింది. ఆయన కాగితాలు తిరగేశారు.

"కరెంటు ఆస్తులు... ఫ్యాను, బల్బులు, మోటారు. ఏంటిది?"

"కరెంటుతో నడిచేవి సార్."

"కరెంట్ అసెట్స్ అంటే ఏడాదిలోపు డబ్బుగా మారేవి రాయాలమ్మా అక్కడ! తేనె రాయాలి! మరి తేనెకు ఈ ధరేంటి? ఇది దొంగ లెక్క."

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా నేను? మూసుకోలేదు.

"సార్, అది అంతర్జాతీయ ప్రమాణం. జాతర విలువ. మీది పాత పద్ధతి."

ఆయన ముఖం ఖమ్మం మార్కెట్లో మిర్చి బస్తా విప్పినట్టయింది.

"ఇంగ్లీషు మాట చూపించు!"

ఫోను తీసి చూపించాను. "ఫెయిర్ వాల్యూ."

"ఫెయిర్ అంటే న్యాయమైనది తల్లీ! ఇవాళ బజార్లో న్యాయంగా పలికే ధర! జాతరను కూడా ఇంగ్లీషులో ఫెయిర్ అంటారని దీన్ని తీసుకెళ్లి జాతరలో పడేస్తావా?"

ముత్తమ్మ లేచింది.

"కాయిదం మీద సంతకం నాది. దొంగ అని నన్నంటరు, నిన్ననరు. హైదరాబాదు దుకాణపోళ్లు ఈ లెక్కలు చూసి ఆర్డరు ఇస్త అన్నరు. ఇట్లనే పోతే మల్ల మా గడప తొక్కుతరా? మేం మంచిగనే చదివినం. నువ్వే చదవకుండ రాసినవ్!"

తిట్టినా బాగుండేది. నిజం చెప్పింది. అంతకంటే ఒళ్లు మండే విషయం ఉంటుందా?

"ఇప్పుడేం చేయాలక్కా?" అన్నాను.

"కూసో. మా ముంగటనే మల్ల రాయి."

రాశాను. ఒక్కో మాట పైకి చదివాను. అర్థం కాకపోతే అందరూ ఒక్కసారిగా "కొట్టెయ్!" అని అరిచేవాళ్లు. పక్కన శేషగిరి గారు మాట తప్పయితే బల్ల మీద గుద్దేవారు. ఆ అరుపులకూ గుద్దులకూ మధ్య మొదటిసారి నాకూ ఆ పాఠాలు అర్థమయ్యాయి. గడువులోపు సరైన లెక్కలు వెళ్లాయి. ఆర్డరూ వచ్చింది.

కొత్త పుస్తకం అచ్చుకు వెళ్లేటప్పుడు అట్ట మీద నా పేరు వేయమని మేనేజరు పెద్ద మనసు చేసుకున్నాడు. కానీ ముత్తమ్మ ముందే అచ్చాఫీసుకు ఫోను చేసింది. పుస్తకాల కట్ట విప్పి చూద్దును కదా, నా పేరు కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ఈ పుస్తకాన్ని రాసిన మేడం కూడా చదివింది."

అందుచేత పాఠకులారా, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చదవకుండా ఒక్క ముక్క కూడా అచ్చుకు ఇవ్వను. ఈ వ్యాసాన్ని కూడా చదివాను, రెండుసార్లు. రెండుసార్లూ కోపమే వచ్చింది.