హార్లన్ మెరుగుపెట్టిన రైఫిల్

“గొట్టం లోపల అద్దంలా ఉంది చెల్లెమ్మా, తూటాని తోసే బోల్టూ బిగువుగానే పడుతోంది. కానీ పైన చెక్కిన అక్షరాలు చూడు, అరిగిన సబ్బు మీది పేరులా ఉన్నాయి.”

మోంటానాలోని ఆ లోయలో వెర్లిన్ చూసి చెప్పందే పాత రైఫిళ్లు చేతులు మారవు. చనిపోయిన భర్త హార్లన్ రైఫిల్ ఒలీటా భుజానికి మరీ పొడవు. వేట మొదలయ్యేలోగా అదిచ్చి, పొరుగింటి డ్వైట్ దగ్గరున్న పొట్టిదాన్ని తీసుకుందామని ఆమె ఆశ.

“పోయిన చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని రుద్దాడన్నా. కొత్తగా నల్లరంగు కూడా పట్టించాడు.”

“పెళ్ళికి బూట్లు కూడా ఇంత రుద్దలేదు వెధవ! అరిగినా సరే, కంపెనీ వేసిన రంగుకే విలువ. సగం ధర రుద్ది పారేశాడు. నన్నొక్క మాట అడిగుంటే...” వెర్లిన్ రైఫిల్‌ని బల్ల మీద పెట్టాడు. “డ్వైట్ ఒప్పుకోడమ్మా.”

“తను పోయాక నాకు మంచి ధర రావాలనే చేశాడన్నా,” అంటూ ఒలీటా రైఫిల్‌ని ఒళ్ళోకి లాక్కుంది.

వెర్లిన్ ఆమె భుజాన్నీ, రైఫిల్ పొడవునీ మార్చి మార్చి చూశాడు.

“ఎలాగూ ధర పోయింది, ఇక కోస్తే పోయేదేముంది? భుజానికి ఆనే ఈ వెనక కర్రని నీకు సరిపడా పొట్టిగా కోసిస్తా. రేపు మాత్రం వేటకి తొడిగే మందపాటి కోటు వేసుకుని రా, కొలత దాని మీదే తియ్యాలి.”