అనసూయక్క తెరిచిపెట్టిన బానెట్

నిన్న పొద్దున మా ఆఫీసు ముందు ఒకాయన కారు తాళం తిప్పాడు. ‘టక్’ అని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అదే. బ్యాటరీ దిగిపోతే వచ్చే చప్పుడు వేరు, అది నీరసంగా దగ్గుతున్నట్టుంటుంది. ఇది లోపల ఇనుము ఇనుమును పట్టుకుని కదలనన్నప్పుడు వచ్చేది. అది వినగానే నా తలలో ఏళ్ళ కింద మా బండి ఆగినప్పటి కూడికలు మొదలవుతాయి. ఇంజన్ మార్చడానికి అడిగినవి మూడు లక్షల ఎనభై ఏడు వేలు. బండిని లాక్కొచ్చిన క్రేన్‌కు తొమ్మిదిన్నర వేలు. బండి నిలబడ్డ నాలుగు నెలలూ బ్యాంకుకు కట్టిన వాయిదాలు అరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. ఫ్యాక్టరీవాళ్ళకు ఇచ్చిన మాట కోసం బయటి బండి పెట్టి నష్టపోయింది యాభై రెండు వేలు. బండి లేకున్నా డ్రైవర్‌కు ఇచ్చిన జీతం యాభై ఆరు వేలు. నిమ్మకాయలు, మిరపకాయలు, రెండు కొబ్బరికాయలు కలిపి నూట ఇరవై. మొత్తం ఐదు లక్షల డెబ్బై మూడు వేల నాలుగు వందల ఇరవై రూపాయలు. ఆ నూట ఇరవైని కూడా కలపమన్నది అనసూయక్కే. “దేవునికి ఇచ్చినా షోరూమోనికి ఇచ్చినా పోయింది మన చెయ్యిలకెళ్ళే కద తమ్మీ, కలుపు” అంది.

అనసూయక్క మా యజమానురాలు. ఝరాసంగం దగ్గరి పల్లెలో కందులూ జొన్నలూ పండించే ఇంటి కోడలు. పొలం భర్తకు వదిలేసి జహీరాబాద్ బస్టాండుకు కాస్త దూరంలో ట్రావెల్స్ ఆఫీసు తెరిచింది. మూడు బండ్లుండేవి. ఫ్యాక్టరీ ఇంజనీర్లను ఎయిర్‌పోర్టుకూ, రోగులను హైదరాబాద్ దవాఖానలకూ, పెళ్ళివాళ్ళను బీదర్‌కూ గుల్బర్గాకూ తిప్పేవాళ్ళం. గుమ్మంలో కుర్చీని అడ్డంగా వేసుకుని కూచునేది, ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను నా మీద. నవ్విందంటే రోడ్డుకు అవతల పండ్ల బండివాడు తలెత్తి చూసేవాడు. ఎవరితోనూ గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినలేదు, రహస్యాలు చెప్పేటప్పుడు కూడా. అందువల్ల ఆమెకు రహస్యాలు ఎక్కువ లేవు.

నాది కోహీర్. పదో తరగతితో చదువు ఆగింది. అల్లం మండీలో బస్తాల తూకం చెబుతూ లెక్కలు నా అంతట నేనే పట్టుకున్నాను. నలభై బస్తాల ధర, తరుగు, హమాలీ, కమిషన్ నోటితోనే తేల్చేవాణ్ని. ఆ సంగతి విని అక్క పిలిపించింది. మొదటి రోజే హైదరాబాద్‌కు కిరాయి ఎంత పెట్టాలో చెప్పమంది. డీజిల్, టైర్ల అరుగుదల, టోల్, డ్రైవర్ బత్తా, వాయిదాలో ఆ రోజు వాటా అన్నీ కూడి, పది రూపాయలు అటూ ఇటూ కాకుండా చెప్పాను. ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను.

“బండి హైదరాబాద్‌లనే ఉంటదా?” అంది.

“లేదక్కా, వాపస్ వస్తది.”

“ఎవరు కూసుంటరు దాంట్ల?”

ఖాళీగా తిరిగివచ్చే బండి నా లెక్కలో లేనే లేదు. ఆమె కోప్పడలేదు. చాయ్ గ్లాసు నా ముందుకు జరిపి, “నీ కూడిక మంచిగుంది. కూడినవన్నీ కండ్లకు కనవడేటియి. జర కనవడనిది చూస్కో” అంది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను వేసిన ఏ లెక్కనూ ఆ ప్రశ్న అడగకుండా మూయలేదు.

మూడు బండ్లలో పెద్దది ఏడు సీట్ల డీజిల్ బండి. పల్లెలోని రెండెకరాలు కుదువపెట్టి కొన్నది. ఆ బండి తిరిగితేనే వాయిదా, వాయిదా కడితేనే పొలం. వారంటీ మూడేళ్ళు. అది ముగిసి రెండు నెలలైందో లేదో, ఒక మధ్యాహ్నం సదాశివపేట దాటాక నడుస్తూ నడుస్తూనే బండి ఆగిపోయింది. డ్రైవర్ యాదగిరి ఫోనులో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడాడు. “బత్తి ఎలగలే, వేడి ఎక్కలే, పొగ రాలే అక్కా. పాట బంద్ జేసినట్టు బందయింది. నా పిల్లల మీద ఒట్టు.”

“ఒట్లెందుకురా, అన్నం తిన్నవా?” అంది అక్క.

మరునాడు సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాం. మెడలో టై కట్టుకున్న అబ్బాయి వినయంగానే మాట్లాడాడు. ఇంజన్ లోపల పట్టేసింది, మొత్తం మార్చాలి, వారంటీ లేదు కనుక ఖర్చు మీదే అన్నాడు. ఎందుకు పట్టేసిందని అక్క అడిగింది. డ్రైవర్ ఆయిల్ చూసుకోకుండా నడిపి ఉంటాడన్నాడు.

“ఆయిల్ పోసింది మీరే. పోయిన నెలనే. ఇప్పుడు చూస్తే నిండ ఉన్నది. ఇంగ మా పిలగాడు ఏం చూడాలె?”

“మేడమ్, ఒక్కోసారి అలా జరుగుతుంది. కచ్చితంగా చెప్పలేం.”

“చెప్పలేనప్పుడు వాని పేరెట్ల చెప్పినవు?”

అతను కంప్యూటర్ వైపు చూశాడు. యాదగిరి చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. అప్పటికే డ్రైవర్ల అడ్డా మీద వాణ్ని అందరూ ‘ఇంజన్ తిన్నోడు’ అనడం మొదలుపెట్టారు. ఇంకో బండి ఎవరూ ఇవ్వరని వాడికి తెలుసు.

బండిని క్రేన్‌తో వెనక్కు తెచ్చాక నేను రాత్రంతా కూర్చుని నాలుగు దారులు లెక్కవేశాను. మా ఊళ్ళో అందరూ పట్టే దారే చవకగా తేలింది. ఇంజన్ విప్పిన బండి అంటే మా దగ్గర సంబంధం తప్పిపోయిన పిల్ల లాంటిది, దాని మాట బయటకు రాకూడదు. టార్పాలిన్ కప్పి పెరట్లో పెడతారు. చుట్టం పెళ్ళికి పోయిందంటారు. తర్వాత పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఇంజన్ బిగించి, మనం తెలియనిచోట, బీదర్ అవతల, అమ్మేస్తారు. అట్లా చేస్తే దాదాపు రెండు లక్షలు మిగులుతాయని అక్కకు చెప్పాను.

“కొన్నోనికి మల్ల ఆగిపోతే?”

“వాడు ఇంకొకనికి అమ్ముకుంటడక్కా.”

“అట్లట్ల పోయి ఆఖర్ల ఎవడో ఒకడు ఇరుక్కపోతడు. వాని పొలం నీ లెక్కల యాడుంది?”

ఆమె లేచి బయటికి వెళ్ళింది. ఆ రోజే బండిని ఆఫీసు ముందుకు, మెయిన్ రోడ్డు మీదికి తోయించింది. బానెట్ ఎత్తి కట్టె ఆనించింది. సున్నం కలిపించి అద్దం మీద తన చేత్తోనే రాసింది: ‘ఇంజన్ పోయింది. ఎందుకు పోయిందో చెప్తలేరు. మీది గిట్లనే పోయిందా? లోపలికి రండ్రి, చాయ్ తాగుదం.’

ఊరు నవ్వింది. అక్క భర్త పల్లె నుంచి వచ్చి ఇజ్జత్ పోతోందని అరిచాడు. “పొలం పోయినంక ఇజ్జత్ యాడ దున్నుతవు?” అంది. ఆయన కోపంగా చాయ్ తాగి వెళ్ళిపోయాడు. నాకూ ఆ బండి పక్క నుంచి ఆఫీసులోకి నడవడం సిగ్గుగానే ఉండేది.

మొదట వచ్చింది న్యాల్‌కల్ రైతు మాణిక్‌రావు. కర్ణాటక వైపు చెరకు లోడ్లు తోలే ట్రాక్టర్లున్నాయి ఆయనకు. పెళ్ళికి కిరాయి అడగడానికన్నట్టు కూచున్నాడు. వానల గురించి మాట్లాడాడు, పప్పుల ధర గురించి మాట్లాడాడు. రెండో చాయ్ అయ్యాక గోడ వైపు చూస్తూ, “మా బామ్మర్ది బండి కూడ గిట్లనే ఆగిందక్కా” అన్నాడు. మరుసటి వారం ఒక కిరాణా దుకాణాయన వచ్చాడు. ఆయన బామ్మర్ది బండి కూడా ఆగిందట. మూడోవాడి నోట కూడా బామ్మర్ది రాగానే అక్క ఇక ఆగలేదు.

“జహీరాబాద్‌ల బామ్మర్దుల బండ్లే ఆగుతున్నయా ఏంది? బావల బండ్లన్నీ మంచిగున్నయా?”

పండ్ల బండివాడికి వినిపించేంత గట్టిగా నవ్వింది. అప్పటికి అక్కడే ఉన్న మాణిక్‌రావు ముఖం తుడుచుకుని, “నాదే అక్కా. ఇంట్ల నా భార్యకు తప్ప ఎవరికి తెల్వది” అన్నాడు. ఆ ఒక్క మాటతో మిగతావాళ్ళ బామ్మర్దులు కూడా మాయమయ్యారు.

చివరగా వచ్చింది మూర్తిగారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా స్థిరపడ్డ మనిషి. సొంత కారు ఐదు నెలలుగా అపార్ట్‌మెంటు కింద ముసుగేసి ఉంది. “నేనే ఇంజన్లు చూసేవాణ్నండి. నా బండే ఆగిపోయిందంటే ఏమనుకుంటారో అని” అని నసిగారు. అక్క ఆయనకు తన కుర్చీ ఇచ్చింది.

ఆరు బండ్లయ్యాయి. అన్నీ ఒకే రకం, అన్నీ వారంటీ దాటిన ఏడాదిలోపే ఆగినవి. నేను అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. డీజిల్ పోయించుకునే బంకులు వేరు, నడిపే చేతులు వేరు, తిరిగిన దూరాలు వేరు. కారణం నాకు దొరకలేదు. మూర్తిగారికీ దొరకలేదు. దొరికింది ఇంకొకటి. సర్వీస్ సెంటర్‌వాళ్ళు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పారు.

చెరకు కొట్టడం అయిపోయిన రోజులు. మాణిక్‌రావు ట్రాక్టర్లు ఖాళీగా ఉన్నాయి. ఒక పొద్దున ఆరు ట్రాక్టర్లు ఆరు బండ్లను తాళ్ళతో లాగుతూ ముంబై రోడ్డు మీద వరసగా బయలుదేరాయి. మా పెద్ద బండిలో యాదగిరి స్టీరింగ్ పట్టుకున్నాడు, పక్కన అక్క, వెనక నేను. చప్పుడు చేయని బండిలో అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి. ఎదురొచ్చే లారీలవాళ్ళు హారన్ కొడితే అక్క పెళ్ళిబండిలో ఉన్నట్టు చెయ్యి ఊపింది.

సర్వీస్ సెంటర్ గేటు ముందు ఆరు బానెట్లూ లేచాయి. కొత్త కార్లు కొనడానికి వచ్చినవాళ్ళు షోరూమ్ వదిలి బయటికి వచ్చి చూశారు. మేనేజరు పరుగున వచ్చి, “ఒక్కొక్కరే లోపలికి రండి, మాట్లాడుకుందాం” అన్నాడు.

“ఒక్కొక్కలమే వస్తిమి సారూ, ఇన్ని రోజులు. గందుకే ఇన్ని కారణాలయినయి. ఇయ్యాల అందరం ఒక్కసారే వింటం” అంది అక్క.

కిరాణా ఆయన తన డీజిల్ కల్తీదన్నారని చెప్పాడు. ఇంకొకాయన బండి తక్కువ తిప్పడం వల్ల పోయిందన్నారన్నాడు, ఆయన పక్కనున్నాయన ఎక్కువ తిప్పడం వల్ల పోయిందన్నారన్నాడు. మూర్తిగారు, “నాకు రెండో గేరులో వెళ్ళే అలవాటుందని చెప్పారండి. ఎవరు చూశారో మరి” అన్నారు. మాణిక్‌రావు ముందుకు వచ్చాడు.

“నాకు ఏం చెప్పిన్రో ఎర్కేనా సారూ? వరద నీళ్ళల్ల నడిపినవన్నరు. మా న్యాల్‌కల్‌ల తాగనీకె నీళ్ళు లేవు. ఆ వరద యాడున్నదో జర చూపియ్యుండ్రి, మోటరు పెట్టుకుంట!”

కార్లు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. టై కట్టుకున్న అబ్బాయి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. మేనేజరు మాత్రం నవ్వలేదు. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. నెల తిరక్కుండా ఆరు బండ్లకూ విడిభాగాలు ఉచితంగా ఇస్తామని కబురొచ్చింది. సుహృద్భావంతో ఇస్తున్నామన్నారు. విప్పి బిగించే కూలి మాత్రం మేమే పెట్టుకోవాలట, ఇక కంపెనీ నుంచి రావాల్సిందేమీ లేదని సంతకం చేయాలట.

అక్క రెండు మాటలు చెప్పింది. మొదటిది, తన బండి కాగితంలో కారణం దగ్గర డ్రైవర్ పొరపాటు అన్నది కొట్టేసి ‘తెలియలేదు’ అని రాయాలి. “మీకు తెల్వకుంటే తప్పు లేదు. తెల్వక మా యాదగిరి మీద ఏసుడు తప్పు” అంది. రాశారు. యాదగిరి ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని అడ్డా మీద ప్రతి ఒక్కడికీ చూపించాడు. వాడికిప్పుడు సొంత బండి ఉంది.

రెండోది, ఏమీ రావాల్సింది లేదన్న వాక్యం కింద తను సంతకం పెట్టదు, మమ్మల్ని పెట్టనివ్వదు. విడిభాగాలు పోయినందుకు తప్పు వాళ్ళదైతే, వాటిని బిగించే కూలి మాది ఎట్లా అవుతుందని అడిగింది. రెండు రోజులు ఆరు బానెట్లూ మళ్ళీ గేటు ముందు తెరుచుకునే ఉన్నాయి. మూడో రోజు ఆ వాక్యం లేని కాగితం వచ్చింది. కూలి మేమే కట్టి బండ్లు తెచ్చుకున్నాం, ఆ కూలి కోసం వినియోగదారుల కమిషన్‌లో ఆరుగురం కలిసి ఫిర్యాదు వేశాం. పెద్ద బండి మళ్ళీ ఎయిర్‌పోర్టుకు తిరిగింది. వాయిదాలు తీరాయి, రెండెకరాలు కుదువ విడిపించుకుని ఆమె అందులో కందులు వేసింది.

అక్క పోయిన ఏడాది పోయింది. గుండె ఆగింది. అంత పెద్ద నవ్వు ఉన్న మనిషి చప్పుడు లేకుండా పోయింది, కారణం అడిగితే డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేనన్నాడు. కర్మ రోజున మాణిక్‌రావు, మూర్తిగారు, మిగతావాళ్ళు అందరూ వచ్చారు. ఫిర్యాదు ఇక వదిలేద్దామా అని ఒకరు అడిగారు. ఎవరూ అవునన్లేదు. ఇప్పుడు కేసు వాయిదా పడ్డప్పుడల్లా సంగారెడ్డిలోని కమిషన్ ముందుకు వెళ్ళేది నేను.

ఒకసారి నేను వడ్డీ కలిపి ఎంతవుతుందో తేల్చి అక్కకు చూపించాను. అది కొట్టేయమంది. “మిత్తి అడిగితే బేరం పెడతరు తమ్మీ. అసలు అడుగు. అది తగ్గదు.” అందుకే ఆ అంకె ఇన్నేళ్ళలో ఒక్క రూపాయి పెరగలేదు, తగ్గలేదు. కోర్టు హాలులో నా పేరు పిలిచినప్పుడు లేచి నిలబడి, గొంతు తగ్గించకుండా చెబుతాను. ఒక్కో బండికి కూలి ముప్ఫై ఒక్క వేల నాలుగు వందలు, బండ్లు ఆరు. మాకు రావాల్సింది లక్షా ఎనభై ఎనిమిది వేల నాలుగు వందల రూపాయలు.