జైనబ్ ఇంటి తలుపు

గులాం మొహమ్మద్ గారిని మా బడికి పిలవడం నా తప్పే అనుకున్నాను. డిసెంబరు పదహారు, విజయ దినం కదా, పిల్లలకు వీరోచితమైన యుద్ధం కబుర్లు చెబుతారని పిలిచాను. ఆయన తలుపుల గురించి మొదలెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పాతనగరంలో మా పక్కిల్లే ఆయనది. వడ్రంగి కొడుకు. ఇరవై రెండేళ్ళప్పుడు తనంతట తానే పరీక్ష రాసి సైన్యంలో ఆఫీసరుగా చేరారు. ఐదేళ్ళయ్యాక తిరిగొచ్చి మళ్ళీ ఉలి పట్టారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. హుద్‌హుద్ తుఫానుకి మా తలుపు ఊడిపోతే, పిలవకుండానే వచ్చి బిగించారు. గుమ్మానికీ తలుపుకీ ఒకేలాంటి గాటు పెట్టారు. కొత్త రంగు మీద ఆ గాటేమిటని అప్పుడూ విసుక్కున్నాను.

"డెబ్భై ఒకటి యుద్ధం అయిపోయినాక కూడా ఏడాది అవతలి దేశంలో మనం పట్టుకున్న నేల మీదే ఉన్నాం," అన్నారు పిల్లలతో. "ఎడారిలో ఓ ఊరు. జనమంతా పారిపోయినారు. జైనబ్ అని ఒక్క ముసలామె ఉండిపోయింది. బంకర్ల మీద కప్పడానికి కర్ర నేదు. ఊళ్ళో తలుపులన్నీ పీకించీసినాను. ఆవిడది కోయించీసినాను కూడా. ఆర్డరు నాదే, ఇంకెవరిదీ కాదు."

విజయ దినాన చెప్పే మాటలా ఇవి!

"మరావిడ ఏటి సేసింది తాతగారూ?" అంది ముందు వరసలో ఉన్న శ్రీసత్య.

"గుమ్మానికి బొంత కట్టుకుంది. ఏడాదిలో నాతో ఒక్క మాట మాటాడితే ఒట్టు."

తర్వాతి డిసెంబరులో ఆ ఊరు వారంలో తిరిగి అప్పగించాలని కబురొచ్చింది. పారిపోయినవాళ్ళు ఇళ్ళకొస్తారు. బంకర్ల మీంచి తీసిన తలుపులేమో కుప్పగా పడున్నాయి, ఏది ఏ ఇంటిదో తెలీదు. ఊడదీసే ముందు తలుపుకీ గుమ్మానికీ గాటు పెట్టాలని తండ్రి చిన్నప్పుడే నేర్పారట. ఆఫీసరు హోదాలో ఆ సంగతే మర్చిపోయారు. ఇక చెప్పగలిగేది జైనబ్ ఒక్కతే. వెళ్ళి అడిగితే మొహం తిప్పేసుకుంది.

అప్పుడాయన మందుగుండు పెట్టెల చెక్కలు తెచ్చుకున్నారు. జవాన్లు చేస్తామన్నా వినలేదు. చొక్కా విప్పి, రెండు రోజులు కూర్చుని, తన చేత్తోనే ఆవిడకి తలుపు చేసి బిగించారు.

"ఆవిడ అటూ ఇటూ తిప్పి సూసింది. లోపలికెళ్ళి నా మొహమ్మీదే దఢాల్న ఏసీసింది!"

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"లోపల గొళ్ళెం పెట్టుకున్న సప్పుడు ఇనపడింది. ఏడాది తరవాత ఆవిడ తన ఇంట్లో గొళ్ళెం పెట్టుకుంది. నాను బయటే నిలబడి ఏడ్సీసినాను, తల్లీ."

మర్నాడు పొద్దున్నే జైనబ్ చేతికర్రతో తలుపుల కుప్ప దగ్గరికొచ్చింది. ఒక్కో తలుపునీ కర్రతో తట్టి, దాని ఇల్లు చూపించింది. ఆయన గాటు పెట్టుకుంటూ వెనకే నడిచారు. ఆఖరి తలుపు బిగించేసరికి లారీలు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఆవిడ క్షమించిందా మరి?" అంది శ్రీసత్య.

"నానడగనేదమ్మా. అడగడానికి నాకు మొహమేదీ?" అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "లారీ ఎక్కినాక ఎనక్కి తిరిగి సూసినాను. ఊళ్ళోవాళ్ళు దూరంగా నడిసొస్తన్నారు. ఆవిడ తలుపు బార్లా తెరిసీసి, గుమ్మంలో నిలబడుంది."

చప్పట్లు మొదలుపెట్టింది నేనే.