నీ గింజలు నువ్వు ఏరుకో

నా చిన్నప్పుడు శ్రీరాంపూర్ బొగ్గు గనుల దగ్గర మా క్రైస్తవ సంఘంలో పిడికెడు బియ్యం అనే అలవాటు ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, చిన్న ప్రార్థన చేసి, వేరే సంచిలో వేసేది. ఆదివారం ఆ సంచులన్నీ మందిరం మూలనున్న తగరపు డబ్బాలో గుమ్మరించేవారు. నెలాఖరున ఆ బియ్యం మా చుట్టుపక్కల మంచిపని చేస్తున్నవాళ్లకు వెళ్లేది. ఆ డబ్బా బాధ్యత మా నాయనమ్మది.

అలా బియ్యం అందుకునేవాళ్లలో మా పక్కింటి అక్క ఒకతె. ఇటుక బట్టీలకు కూలికి పోయే తల్లుల పిల్లలను ఆమె ఒక అద్దె గదిలో పగలంతా చూసుకునేది, మధ్యాహ్నం అన్నం పెట్టేది. అంతకుముందు ఆ పిల్లలు బట్టీల దగ్గరే పడి ఉండేవారు. ఒక పసివాడి కాళ్లు అక్కడే కాలాయి. గదిలో అన్నం దొరకదని తెలిస్తే తల్లులు పిల్లలను మళ్లీ ఆ వేడిలోకే తీసుకుపోతారు. అక్క మా సంఘం మనిషి కాదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు.

ఒక నెలాఖరు ఆదివారం ఆరాధన ముగిశాక అక్క ఖాళీ గోనెసంచితో వచ్చింది. కొత్తగా వచ్చిన సంఘపెద్ద ఆమెను గుమ్మంలోనే ఆపాడు. వచ్చే ఆదివారం పిల్లలందరినీ తీసుకొచ్చి ముందు వరుసలో నిలబెట్టాలి, ఒక బైబిల్ వాక్యం చెప్పించాలి, అప్పుడే బియ్యం అన్నాడు.

"పెద్దయ్యా, రేపు వండ గింజ లేదు. జర ఇప్పుడియ్యుండ్రి," అంది అక్క.

"ఊరికెనే ఇస్తమా? మా బియ్యం తిన్నోళ్లు మా మాట ఇనాలె గదా."

మా నాయనమ్మ లేచింది. చాప పరిచి డబ్బాను దాని మీద బోర్లించింది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు, రేషన్ బియ్యం, అన్నీ కలిసి ఒకే కుప్ప.

"నీ ఇంటి గింజలేవో నువ్వు ఏరుకో పెద్దయ్యా. నీయి నువ్వు తీస్కపో. మిగిలినయి పిల్లలకు పోతయి."

"గిదేం మాట అవ్వా?"

"గీ నూకలు ఎనక గల్లీ సాయబులింటి ఖాలా ఇచ్చినయి. వారం వారం గుమ్మం బయట నిలవడి ఇచ్చిపోతది. ఆమెతోని ఎన్నడన్న వాక్యం చెప్పిచ్చినవా?"

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏరు పెద్దయ్యా, ఏరు. పొద్దుగూకేసరికి అయిపోతది!"

ఆయన ముఖం కందగడ్డ అయింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. కోపంతో గొంతు పెంచింది. "ఆకలైనోళ్లకు రొట్టె పంచిననాడు ప్రభువు ఎవరినన్న ముందల నిలవెట్టిండా? కూసోమన్నడు. తిననిచ్చిండు."

అప్పుడు ఆరాధన నడిపించిన పాస్టరయ్య వచ్చి చాప దగ్గర కూర్చుని, దోసిళ్లతో అక్క సంచి నింపడం మొదలుపెట్టాడు. మరునాడు ఆ గదిలో అన్నం ఉడికింది. ఆ తర్వాత కూడా ఆ పిల్లలెవరూ మా ముందు నిలబడి వాక్యం చెప్పలేదు. డబ్బా బాధ్యత మాత్రం నెల తిరగకుండానే నాయనమ్మ చేతిలోంచి తీసేశారు. సంఘపెద్ద తాను చనిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఒక్క ఆరాధనా మానలేదు.

ఇప్పుడు మా పట్టణంలో దుకాణాలవాళ్లు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల కుటుంబాలు కలిసి ఒక నిధి పెట్టుకున్నారు. చుట్టుపక్కల చిన్న చిన్న సేవాసంస్థలకు దాని నుంచే సాయం వెళ్తుంది. నేనూ ఆ కమిటీలో ఉన్నాను. మొన్న ఒక బధిర పిల్లల బడివాళ్లు తమ ఆయమ్మ జీతానికి సాయం అడిగారు. జీతం అయితే ఫొటోలో కనపడదు, కుర్చీలు ఇద్దాం, పిల్లలను స్టేజీ ఎక్కించి దండం పెట్టిద్దాం అన్నారు కమిటీలో మిగతావాళ్లు. నా ఒళ్లు మండిపోయింది. ఆయమ్మ లేకుండా ఆ కుర్చీలు పిల్లలకు అన్నం తినిపిస్తాయా అని అడిగాను. పసిపిల్లల చేత దండం పెట్టించుకోవడానికి మనమెవరం అన్నాను. జీతం మంజూరయ్యేదాకా కూర్చోలేదు.

"ఈ వయసులో గింత కోపమేందమ్మా, తగ్గించుకోరాదు," అని బయటికొచ్చాక ఒకాయన మందలించాడు. చాలా పాపాలకు క్షమాపణ అడుగుతూ రోజూ మోకరిస్తాను. ఈ కోపాన్ని మాత్రం తీసివేయవద్దని దేవుణ్ణి వేడుకుంటాను.